గూటి కావలికి కూలి

అరుణాచల్ ప్రదేశ్‌లోని పక్కే పులుల అభయారణ్యం పొలిమేరల్లో ఉన్న ఒక హార్న్‌బిల్ (పెద్ద వంపు ముక్కున్న పక్షి) గూటి కోసం నేను కొన్నేళ్లుగా ఏటా కొంత సొమ్ము పంపుతున్నాను. కర్నూలులో కాపురముండే మనిషి తాను ఎన్నడూ అడుగుపెట్టని అడవిలోని పక్షికి డబ్బు పంపడం ఏమిటని ఇంట్లోవారు, బంధువులు, నాతో పాటు ఉద్యోగం చేసి రిటైరైన స్నేహితులు అందరూ ఒక్కసారైనా అడిగారు. రాయలసీమలో పుట్టినవారికి రూపాయి ఎంత కష్టపడితే వస్తుందో తెలుసు కనుక ఆ ప్రశ్న అడిగే హక్కు వారికి ఉందని నేను నమ్ముతాను. అందుకే వారికి విడివిడిగా చెప్పుకుంటూ వచ్చిన సమాధానాన్ని ఇక్కడ నిదానంగా వ్రాస్తున్నాను. ఈ పథకాన్ని అందరూ 'గూటి దత్తత' అని పిలుస్తున్నారు. ఆ పేరు దానికి నప్పదు. అది కావలి కూలి. కూలిగా చూసినప్పుడే ఆ సొమ్ము ఎందుకు పంపాలో, దానితో ఏమి సాధ్యమో, ఏమి సాధ్యం కాదో తేటగా తెలుస్తుందని నా అభిప్రాయం.

ఈ అభిప్రాయం నాకు పుస్తకాల నుంచి రాలేదు. నాకు పదకొండేళ్ల వయసులో ఆత్మకూరు దాపున, నల్లమల అంచున ఉన్న మా ఊరిలో జరిగిన ఒక సంగతి నుంచి వచ్చింది. ఆ ఏడు వానలు లేవు. మా చిన్నాయన పెండ్లికి చేసిన అప్పుకు వడ్డీ కట్టవలసి వచ్చి, మా జేజినాయన చేని గట్టు మీది పెద్ద వేపచెట్టును కట్టెల వ్యాపారికి అమ్మాడు. వైశాఖమాసం ఎండలో నలుగురు మనుషులు రంపము, గొడ్డళ్లు తీసుకొని వచ్చారు. చెట్టు కూలినప్పుడు రెండు నిలువుల ఎత్తున ఉన్న తొర్ర దగ్గర మాను నిలువునా చీలింది. ఆ తొర్ర నోటికి లోపలి నుంచి ఏదో మెత్తినట్లున్న పూత పెంకులాగా విరిగి, ముక్కలు దుమ్ములో పడ్డాయి. నేను ఒక ముక్కను చేతిలోకి తీసుకున్నాను. అది ఎండి రాయిలాగా ఉంది. అందులో రావి పండ్ల గింజలు గుచ్చినట్లు అతుక్కొని ఉన్నాయి. తొర్రలో బూడిదరంగు హార్న్‌బిల్ పక్షి ఒకటి, ఇంకా ఈకలు రాని రెండు పిల్లలు ఉన్నాయి. పిల్లల్లో ఒకటి రెండోదానికంటే బాగా పెద్దది. తల్లికి తోక లేదు, రెక్కల్లో ఎగరడానికి కావలసిన ఈకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. అది నేల మీద రెండు గంతులు వేసి బోర్లా పడింది. పక్కనున్న చింతచెట్టు మీద పోతు కూర్చొని ముక్కున పండు పట్టుకొని ఉన్నది ఉన్నట్లే చాలాసేపు చూసింది.

గొడ్డళ్లవాళ్లు పని ఆపేశారు. మా జేజినాయన అక్కడే కూలబడి, "ముందే తెలిసుంటే ఆషాఢం దాకా ఆగుంటిమి గదరా" అన్నాడు. ఆ పక్షులను గంపలో పెట్టి ఇంటికి తెచ్చుకున్నాము. మూడో రోజుకు ఒక్కటీ మిగల్లేదు. ఆయన చెడ్డవాడు కాదు. జొన్న కంకుల మీద వాలిన పిచ్చుకలను కూడా రాయి విసరకుండా అదిలించే మనిషి. ఆయనకు తెలియనిది ఒకటి, లేనిది ఒకటి. ఆ తొర్రలో గూడు ఉన్నదని తెలియదు. తెలిసినా, వడ్డీ కట్టవలసిన గడువును రెండు నెలలు జరపగల డబ్బు ఆయన దగ్గర లేదు. ఈ రెండు లోటులనూ తీర్చే ఏర్పాటు ఏదైనా ఉండి ఉంటే ఆ వేపచెట్టు ఆ పక్షుల కాలం గడిచేదాకా నిలిచేది. నలభై ఏళ్ల తరువాత పక్కే గురించి చదివినప్పుడు, అటువంటి ఏర్పాటును ఎవరో నిజంగానే చేశారని తెలిసి నాకు కలిగిన ఊరటను మాటల్లో చెప్పలేను.

హార్న్‌బిల్ బ్రతుకు తీరు తెలిస్తే కావలి ఎందుకు అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. ఈ పక్షులు తమ తొర్రను తాము తొలుచుకోలేవు. పెద్ద చెట్టు ముదిరి, కొమ్మ విరిగిన చోట పుచ్చు పట్టి, ఏళ్ల తరబడి లోపల గుల్ల అయినప్పుడే వాటికి ఇల్లు దొరుకుతుంది. పెట్ట ఆ తొర్రలోకి దూరి, తన రెట్టను, పండ్ల గుజ్జును, మట్టిని కలిపి ముక్కుతో మెత్తి, వాకిలిని సన్నటి చీలిక మాత్రమే మిగిలేటట్లు మూసేస్తుంది. లోపల దాని రెక్కల ఈకలు రాలిపోతాయి. ఆ తరువాత గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలు కొంత ఎదిగేదాకా అది పూర్తిగా పోతు మీదనే ఆధారపడి ఉంటుంది. పక్కేలో ఉండే గ్రేట్ హార్న్‌బిల్ విషయంలో ఈ చెర ఇంచుమించు నాలుగు నెలలు. మీటరు పొడవు, ఇంచుమించు మూడు కిలోల బరువు ఉండే ఆ మహాపక్షి పెట్టేది ఒకటి లేదా రెండు గుడ్లు, సాధారణంగా బయటికి ఎగిరేది ఒక్క పిల్ల. కనుక ఆ నాలుగు నెలల్లో వేటగాడి తుపాకికి ఒక్క పోతు పడిపోతే, ఎక్కడో చెట్టు నడుమ చీలికలో ముక్కు పెట్టుకొని ఎదురుచూసే తల్లి, పిల్ల కూడా ఆకలికి మాడిపోవలసి వస్తుంది. ఒక గుండుకు ఒక కుటుంబం, ఆ ఏటి సంతానం మొత్తం పోతాయి.

పక్కే చుట్టూ ఉన్న ఊర్లలో నిషి తెగవారు నివసిస్తారు. వారి సంప్రదాయపు తలపాగాకు హార్న్‌బిల్ పై ముక్కును అలంకరించుకోవడం పాత ఆచారం. ఆ ఆచారాన్ని తప్పుపట్టకుండా, అడవి శాఖవారు, వన్యప్రాణుల సంస్థవారు కలిసి ఫైబర్‌తో చేసిన ముక్కులను అందజేయడం 2000 తరువాతి సంవత్సరాల్లో మొదలైంది. ఆ ప్రాంతంలో ఏళ్ల తరబడి హార్న్‌బిల్ పక్షుల మీద పరిశోధన చేసిన అపరాజితా దత్తా, ఆమె పనిచేసే నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్, అరుణాచల్ అటవీ శాఖ, ఊరి పెద్దలందరూ కలిసి ఏర్పరచుకున్న ఘోరా ఆభే సొసైటీ, ఈ మూడు పక్షాలు కలిసి 2011-12లో గూళ్ల సంరక్షణ పథకాన్ని ఆరంభించాయి. ఊర్లలోని మనుషులనే కావలివారిగా పెట్టుకున్నారు. వారిలో ఒకప్పుడు వేటాడినవారు కూడా ఉన్నారు. వారు అడవిలో తిరిగి గూళ్లున్న చెట్లను వెతుకుతారు, ఏ గూటికి పక్షులు వచ్చాయో, పెట్ట ఎప్పుడు లోపలికి పోయిందో, పిల్ల ఎప్పుడు ఎగిరిందో వ్రాసిపెడతారు, వేటగాళ్లను, చెట్లు కొట్టేవాళ్లను కనిపెట్టి ఉంటారు. దేశంలోని నగరాల నుంచి, పట్టణాల నుంచి మావంటివారు పంపే సొమ్ము ముఖ్యంగా వారి జీతాలకు, అడవిలో తిరగడానికి కావలసిన సామగ్రికి పోతుంది. సంవత్సరం చివర గూటి సమాచారం మనకు అందుతుంది. ఆ పథకం వలన వందకు పైగా పిల్లలు ఎగిరిపోయాయి.

దత్తత అనే మాట నాకు ఎందుకు సరిపడదో ఇప్పుడు చెబుతాను. మన దగ్గర దత్తత అంటే వంశం పేరు, ఆస్తి, కొరివి పెట్టే హక్కు. దత్తత తీసుకున్నవాడు బిడ్డకు తల్లిదండ్రి అవుతాడు. పక్కేలోని ఆ పక్షికి నేను ఏమవుతాను? దాని చెట్టు ఎట్లా ఉంటుందో ఫోటోలో చూసినవాడిని మాత్రమే. జోరువానలో జలగలు పట్టిన కాళ్లతో ఆ చెట్టు కిందికి నడిచి వెళ్లి, తలెత్తి మెడ నొప్పి పుట్టేదాకా చూసేవాడు వేరే ఉన్నాడు. దత్తత అన్నప్పుడు ఆ మనిషి కనబడకుండా పోతాడు. నేనూ పక్షీ మిగులుతాము. అది అతనికి చేసే అన్యాయమని నాకు అనిపిస్తుంది.

దానికి బదులు మన సీమలో పాత మాట ఒకటి ఉంది. పంట కోతకు వచ్చినప్పుడు చేనికి కావలి పెట్టేవారు. కల్లం దగ్గర ధాన్యం కొలిచేటప్పుడు కావలివాడికి, తలారికి, వడ్లవానికి, చాకలికి ఎవరి మేర వారికి తీసిపెట్టేవారు. ఆ మేరను ఎవరూ దానం అనుకోలేదు. పంట నిలిచింది అంటే కావలి ఉన్నందున నిలిచింది, కనుక అందులో అతని పాలు అతనిది. నేను పక్కేకు పంపే సొమ్మును ఆ మేర వంటిదిగా భావిస్తాను. హార్న్‌బిల్ తిన్న పండ్ల గింజలను మైళ్ల దూరం మోసుకుపోయి అడవిని నాటుతుంది. పెద్ద గింజలున్న చెట్లకు అంత పెద్ద నోరున్న పక్షి లేకపోతే దారి దొరకడం కష్టం. ఆ అడవిని నిలబెట్టే పనిలో కావలివాడు తన కాలాన్ని పెడుతున్నాడు. ఆ కాలానికి వెల కట్టి ఇవ్వడం మన బాధ్యత.

మనుషులే పస్తులుంటే పక్షులకు ఖర్చు ఎందుకనేది నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న. అనంతపురం నుంచి, మన కర్నూలు పడమటి పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి (వలస కూలికి) బెంగళూరుకు, గుంటూరుకు పోవడం చూస్తూ పెరిగినవాడిని, ఆ ప్రశ్నను తేలికగా తీసిపారేయలేను. అయితే పక్షి రూపాయిని తినదు. నేను పంపిన సొమ్ములో ముఖ్యభాగం ఒక మనిషి ఇంటికే చేరుతుంది, అతని పిల్లల చదువుకో, బియ్యానికో పోతుంది. వలస పోకుండా, తుపాకి పట్టకుండా, తన ఊరి అడవిలోనే తనకు తెలిసిన విద్యతో బ్రతికే ఉపాధి అది. వేటగాడికి తెలిసినంతగా పక్షి జాడ ఎవరికి తెలుసు? థాయిలాండ్‌లో పిలాయ్ పూన్‌స్వాద్ అనే శాస్త్రవేత్త బూడో కొండల్లో హార్న్‌బిల్ పిల్లలను పట్టి అమ్ముకునేవారినే 1990లలో గూటి కావలివారిగా మార్చి, బ్యాంకాక్ వంటి నగరాలవారి చేత వారికి కూలి ఇప్పించింది. కేరళలోని వాళచ్చాల్ అడవుల్లో కాడర్ తెగవారు ఒకప్పుడు తొర్రల్లోంచి పిల్లలను తీసేవారు, నేడు ఆ గూళ్లకే కాపలా కాస్తున్నారు. ఎక్కడ చూసినా ఆ పక్షిని బ్రతికించినది దానిని పట్టగలిగిన చేయే.

మన దగ్గరే దిక్కులేని పక్షులుండగా అంత దూరం ఎందుకని మా తమ్ముడు అడిగాడు. ఈ ప్రశ్న నన్ను నిజంగా బాధిస్తుంది. ఎందుకంటే మనం ఒక పక్షిని మన కళ్ల ముందే పోగొట్టుకున్నాము. కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా పోతే దగ్గరలో ఉన్న రోళ్లపాడులో బట్టమేక (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) పక్షి కోసం 1988లో అభయారణ్యం ఏర్పాటు చేశారు. దాని విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. బట్టమేక సాధారణంగా పెట్టేది ఏడాదికి ఒకే గుడ్డు, అదీ నేల మీద. అభయారణ్యం వచ్చాక గడ్డిబీడులో కృష్ణజింకలు పెరిగాయి, అవి చుట్టుపక్కల చేలలో పడి పైరు మేశాయి, రైతులకు నష్టం వచ్చింది. జింక మేసిన పైరు కోపం బట్టమేక మీదికి మళ్లింది. మరోవైపు కాలువ నీళ్లు వచ్చి, బీడులు, మెట్ట చేలు మారిపోయాయి. బట్టమేకను చూడటానికి వచ్చిన వారందరూ పక్షి గురించి మాట్లాడారు. ఆ పక్షి పుణ్యాన ఆ రైతుకు ఏటా ఇంత వస్తుంది అనే ఏర్పాటు ఊరి చేతికి అందలేదు. పక్షి వలన నష్టమే తప్ప మేర లేనప్పుడు రైతు ఎంతకాలం ఓర్చుకుంటాడు? ఈనాడు రోళ్లపాడులో బట్టమేక కనిపించడమే గగనమైంది.

కడప జిల్లాలో కలివికోడి (జెర్డన్స్ కోర్సర్) సంగతి కూడా ఇటువంటిదే. 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో రెడ్డిపల్లి దగ్గర మళ్లీ బయటపడింది. దానిని పట్టి చూపించినది పెద్ద చదువులు చదివినవారు కాదు. రాత్రిపూట దీపంతో పక్షులను పట్టడం తెలిసిన స్థానిక వేటగాడు. శాస్త్రవేత్త భరత్ భూషణ్ వెతుకులాట ఆ మనిషి విద్యతో ఫలించింది. లంకమల అభయారణ్యం ఆ పక్షి పేరు మీదనే వచ్చింది. కానీ ఆ చిట్టడవి అంచున గొర్రెలు మేపుకునేవారిలో ఎంతమందికి ఆ పక్షి వలన నెలజీతం వచ్చింది? హార్న్‌బిల్ అందమైన పక్షి, ఫోటోకు బాగుంటుంది, కనుక దాతలు దొరుకుతారు. పొదల చాటున రాత్రిళ్లు తిరిగే చిన్న గోధుమరంగు పక్షికి అంత సులభంగా దొరకరు. ఈ తేడాను నేను ఒప్పుకుంటాను. పక్కేకు సొమ్ము పంపడం మానుకుంటే కలివికోడికి ఏమీ ఒరగదు. పక్కేలో పనిచేసిన పద్ధతిని చూసి, దానిని బద్వేలుకు, ఆత్మకూరుకు తెచ్చుకోవాలని అడగడానికి మాత్రం ఆ అనుభవం ఉపయోగపడుతుంది. నల్లమలలో చెంచులు పులుల కోసం ప్రొటెక్షన్ వాచర్లుగా బేస్‌క్యాంపుల్లో ఎప్పటి నుంచో పనిచేస్తున్నారు. అడవి తెలిసినవాడికి కూలి ఇచ్చి కాపాడుకోవడం మనకు కొత్త కాదు.

ఈ పద్ధతికి ఉన్న లోపాలను దాచిపెడితే సొమ్ము పంపమని ఇతరులను అడిగే అర్హత నాకు ఉండదు. కావలివాడు గూటిని కాపాడగలడు, అడవిని మొత్తం కాపాడలేడు. పక్కే అభయారణ్యం లోపల అడవి భద్రంగా ఉంది, కానీ పథకంలోని గూళ్లలో చాలా భాగం బయట పాపుమ్ రిజర్వు అడవిలో ఉన్నాయి, అక్కడ చెట్లు దొంగతనంగా నరకబడుతున్నాయి. గూడున్న చెట్టు నిలిచి, దాని చుట్టూ పండ్ల చెట్లు లేకపోతే పోతు ఎక్కడి నుంచి మేత తెస్తుంది? రంపాల ముఠాకు ఎదురుపొమ్మని కూలికి వచ్చిన మనిషిని అడగడం ధర్మం కాదు, అది ప్రభుత్వం చేయవలసిన పని. మన విరాళాన్ని చూపించి ప్రభుత్వం ఆ పని నుంచి తప్పుకోకూడదు.

రెండో లోపం మనలోనే ఉంది. మనం ఒక ఏడు ఉత్సాహంగా ఇస్తాము, మరుసటి ఏడు మరిచిపోతాము. మన దేవళాల్లో శాశ్వత అన్నదానానికి సొమ్ము కట్టే మంచి ఆచారం ఉంది. తాత పేరున కట్టిన సొమ్ముతో మనుమల కాలంలో కూడా ఏటా ఆ తిథి నాడు ఆకులు పడతాయి. మహానంది సత్రాల్లో ఆ పేర్లు చదివినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. పక్షి గూటికి కూడా ఆ నిలకడ కావాలి. హార్న్‌బిల్ జంట అనుకూలంగా ఉన్న తొర్రకే ఏటేటా తిరిగి వస్తుంది. కావలి కూడా ఏటా రావాలంటే కూలి ఏటా రావాలి. ఫోటో నచ్చలేదనో, ఈసారి 'నా' గూట్లో పిల్ల ఎగరలేదనో మానుకునేవారు మొదటే మొదలుపెట్టకపోవడం మేలు. పిల్ల ఎగరని ఏడు కూడా కావలివాడు నడిచాడు.

పోయిన వేసవిలో ఈ పనిని చిన్నగా మా ఊరిలోనే చేసి చూశాను. మా చిన్నాయన కొడుకు చేనిలో ముసలి చింతచెట్టు ఒకటి ఉంది. దానిని ఇటుక బట్టీవాళ్లు అడుగుతున్నారని, దాని తొర్రలో బూడిదరంగు హార్న్‌బిల్ జంట తిరుగుతున్నదని ఏప్రిల్‌లో ఫోను చేశాడు. ఆషాఢం దాటేదాకా చెట్టు అమ్మకుండా ఆపినందుకు అతనికి కొంత, డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చిన అతని కొడుకుకు కావలి కూలిగా నెలకు 2,000 రూపాయలు ఇస్తానని చెప్పాను. దగ్గరికి పోవద్దని, కంది కట్టె కుప్ప చాటు నుంచి మాత్రమే చూడమని, కెమెరాలు తెచ్చేవారికి చోటు చెప్పవద్దని షరతు పెట్టాను. మనిషి దగ్గరలో ఉంటే పోతు మేత పట్టుకొని వచ్చి కూడా ఇవ్వకుండా తిరిగిపోతుంది.

పిల్లవాడు నోటుబుక్కులో రోజూ వ్రాశాడు. ఒకనాడు ఉదయం ఆరు నుంచి పదకొండు లోపల పోతు తొమ్మిదిసార్లు వచ్చిందట. వచ్చిన ప్రతిసారీ ఖాళీ ముక్కుతో వచ్చినట్లే కనిపిస్తుంది; చెట్టు మానును కరిచిపట్టుకొని, తల ఎగరవేసి, గొంతులో దాచుకున్న రావి పండ్లను ఒక్కొక్కటిగా ముక్కు కొసకు తెచ్చి చీలికలోకి అందిస్తుంది. ఒకసారి వరుసగా పదిహేడు పండ్లు లెక్కపెట్టానని వ్రాశాడు. మే నెలాఖరులో ఒకనాడు ఏడుపు గొంతుతో ఫోను చేసి, "పెద్దనాయనా, గూడు పగిలింది, తల్లి బయట చెట్టు మీద కూర్చోనుంది" అన్నాడు. ఈ జాతిలో తల్లి ముందుగా బయటికి వస్తుందని, తొందరపడి చెట్టు ఎక్కవద్దని చెప్పాను. మరునాడు సాయంత్రానికి తొర్ర నోరు మళ్లీ సన్నబడింది. లోపలి పిల్లలే తమ రెట్టతో వాకిలిని తిరిగి మెత్తుకున్నాయి. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆ పిల్లవాడి గొంతులోని ఆశ్చర్యం ఇప్పటికీ నా చెవిలో ఉంది. జూన్ మూడో వారంలో రెండు పిల్లలు ఎగిరిపోయాయి.

ఆషాఢం వెళ్లాక లెక్క తేల్చడానికి ఊరికి పోయాను. మా తమ్ముడు డబ్బు లెక్కపెట్టుకొని, ఒక ముక్క మాత్రం అడిగాడు. "అన్నా, బట్టీవాళ్లు మళ్లీ సంక్రాంతికి వస్తామన్నారు. వచ్చే ఏడు గూడా ఇస్తావా?" నేను అక్కడే అరుగు మీద కూర్చొని, పిల్లవాడి నోటుబుక్కులోంచి ఒక కాగితం చించి, మూడేళ్లకు ఎంత ఎప్పుడు ఇస్తానో వ్రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. అతను దానిని మడిచి పాసుపుస్తకంలో పెట్టుకున్నాడు.